ఒడ్డున చెయ్యెత్తినవాడు

ఆ ఆగస్టు మధ్యాహ్నం ఆర్గిరోకి భయం లేదు, విసుగే ఉంది. ఉత్తరగాలి మూడు రోజులుగా ఊపిరి తిప్పుకోకుండా కొడుతోంది. దానికి ఏ దీవిని అడ్డం పెట్టాలో, ఒడ్డు లోపలికి వంగిన ఏ మలుపులో ఇసుక లంగరుని కరిచిపట్టుకుంటుందో, ఎక్కడ నాచు మీద జారిపోతుందో ఆమెకి ఇరవై రెండేళ్లుగా తెలిసిన చదువే. ఆమె నడిపే పడవని అద్దెకి తీసుకునేవాళ్లకి మాత్రం గాలి అంటే జుట్టు చెదరగొట్టేది, అంతే.

ఈసారి వచ్చింది బెల్జియం దంపతులు, వౌటర్, హిల్డే. మంచివాళ్లే. కాకపోతే వాళ్లకి సముద్రం కావాలి, అందులో ఇంకో పడవ ఉండకూడదు.

గ్రీకు దీవి లేరోస్‌కి దక్షిణంగా ఆమె ఎంచుకున్న రెండు మలుపులూ అప్పటికే నిండిపోయాయి. పడవలు సంతలో గొర్రెల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. గాలి ఇంకా పెరుగుతోంది. ఇక మిగిలింది మూడోది. మేనమామ వాడిన పాత పటంలో ఒక రాతిదీవి, దాని దక్షిణపు ఒడ్డున సన్నటి నీటిపాయ, పక్కన పెన్సిల్‌తో గీసిన లంగరు బొమ్మ. మంచి చోటని గుర్తు. దాని కింద మూడు ముక్కలు రాసుకున్నాడాయన: తాడు నువ్వే కట్టుకో.

ఆయన ఎవరి సాయమూ పట్టని మొండిమనిషి. ఇదీ ఆ మొండితనమే అంది ఆర్గిరో, ఆ ముక్కలు పైకి చదివి.

"మామ పెళ్లిలో ఉంగరం కూడా తనకి తనే తొడుక్కుని ఉంటాడు, అడ్మిరల్," అన్నాడు ఇసిడోరోస్, వంటగదిలోంచి.

ఇసిడోరోస్ ఆమె తమ్ముడు. పడవలో వంటా అతనే, తాళ్ల పనీ అతనే. చిన్నప్పుడు ఆమె తనని తెడ్డుతో ఒక దెబ్బ వేసిన రోజు నుంచీ ఆమెని అడ్మిరల్ అనే పిలుస్తాడు. అక్కా అని ఒక్కనాడూ పిలిచి ఎరగడు. అమ్మ పోయాక ఆమెకి ఈ లోకంలో మిగిలిన సొంతమనిషి అతనొక్కడే. ఈ మాట మాత్రం అతనితో ఎప్పుడూ అనలేదు. అంటే నెత్తికెక్కుతాడని.

నాలుగింటికి పాయలోకి తిరిగారు. తిరగ్గానే గాలి తెగిపోయింది. పైన కొండ అంచు మీద ఈల వేస్తూనే ఉంది గానీ, కింద నీళ్లు నూనెలా కదలకుండా పడున్నాయి. ఆర్గిరో ముందు నుంచి లంగరు దించి, పడవని వెనక్కి నడిపింది. ఇలాంటి ఇరుకు చోట్ల వెనక నుంచి ఒక తాడు ఒడ్డున రాతికి కట్టాలి, లేకపోతే పడవ తిరిగి రాళ్లకి కొట్టుకుంటుంది. ఇసిడోరోస్ వంకాయలు వేయిస్తున్న పొయ్యి తగ్గించి, ఈదడానికి చొక్కా విప్పి చుక్కాని చక్రం దగ్గర పడేశాడు.

అప్పుడు రాతి మీద ఒక మనిషి చెయ్యెత్తాడు.

మేకలు కాసేవాడేమో. ముదురు రంగు ఉన్ని చొక్కా, అంత ఎండలో కూడా. ఆ నీళ్ల మీద బతికేవాళ్లెవరూ అలాంటప్పుడు ఆలోచించరు. ఒడ్డున చెయ్యెత్తినవాడికి తాడు ఇస్తారు. ఎవరు నువ్వని అడగరు, అడిగితే అవమానం. వచ్చిన మొదటి రోజే వౌటర్‌కి ఆ మర్యాద నేర్పింది ఆర్గిరోనే.

ఇసిడోరోస్ తాడు విసిరాడు. ఆ మనిషి అందుకుని, తల వంచి, నెమ్మదిగా చుట్టాడు. రెండు చుట్లు. మూడో చుట్టు. చల్లగా ఉండు బాబాయ్ అని ఇసిడోరోస్ కేకేశాడు. ఆర్గిరో ఇంజిన్ ఆపి తలెత్తేసరికి రాతి మీద ఎవరూ లేరు.

మేకలూ లేవు. మేక పెంటికలు లేవు, పొదల వాసన లేదు. ఏదో మూసిపెట్టిన గది వాసన... తడిసిన ఉన్నిలాంటిది.

హిల్డే ఎంత ప్రశాంతంగా ఉందో అని మురిసిపోయింది. ఆర్గిరో ఆమె మాట వినడం లేదు. లోతు చూపే గడియారం వంక చూస్తోంది. వచ్చినప్పుడు తొమ్మిది మీటర్లు. ఇప్పుడు ఎనిమిది.

లంగరు జారిందేమోనని ముందుకెళ్లి గొలుసు మీద కాలు పెట్టింది. గొలుసు బిర్రుగా, తీగలా సాగి ఉంది. లంగరు జారలేదు. వెనక్కొచ్చేసరికి ఏడు.

తాడు బిగుసుకుంటోంది. ఒక లాగు... కాసేపు ఆగడం... మళ్లీ ఒక లాగు. బావిలోంచి చేద పైకి లాగుతున్నట్టు.

"ఇక్కణ్నుంచే కోసెయ్యరా," అంది, గొంతు తగ్గించి.

"కొత్త తాడు. రెండు నిమిషాలు, విప్పుకొచ్చేస్తా," అన్నాడు ఇసిడోరోస్. "నువ్వేంటి, మామలా తయారయ్యావు?"

చిన్న పడవ దించుకుని నాలుగుసార్లు తెడ్లు వేసి ఒడ్డు చేరాడు. రాతి దగ్గర ముడి మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. వెనక రాతినీడలోంచి ఉన్ని చొక్కా లేచి నిలబడింది. ఏదో చెబుతున్నట్టుంది. ఇసిడోరోస్ తల ఊపుతున్నాడు, బడిలో పిల్లాడిలా.

ఆర్గిరో పిలిచింది. పడవ వెనక అంచు దాకా వచ్చి మళ్లీ పిలిచింది.

ఐదు. నాలుగు. మూడు. రెండు. అడుగున రాయి గీరుకుంది. ఆ చప్పుడు ఆమె పళ్లలోకి ఎక్కింది.

ఇసిడోరోస్ నిలబడి, చెయ్యెత్తాడు. ఆ మనిషి ఎత్తినట్టే.

"అక్కా," అన్నాడు. "రెండో తాడు ఇవ్వు."

గొంతు అతనిదే. ఆ పిలుపు అతనిది కాదు.

ఆమె వంటగదిలోకి పరిగెత్తి వంకాయలు తరిగిన కత్తి తెచ్చింది. కత్తికి ఇంకా తొక్కలు అంటుకునున్నాయి. దూకేసి ఈదుకెళ్లమంది ప్రాణం. పడవ కింద రాయి, పడవలో ఇద్దరు పరాయివాళ్లు, నడిపే చెయ్యి తనదొక్కటే. తిట్టుకుంటూ, ఏడుస్తూ, పోగు తర్వాత పోగు కోసింది. చివరి పోగు తెగగానే పడవ గొలుసు వైపుకి ఎగిరి దూకింది. ఇంజిన్ వేసి, లంగరు ఎత్తి, వెనక్కి చూసింది.

రాతి మీద ఒక్కడే ఉన్నాడు. అంత దూరం నుంచి ఒంటి మీద చొక్కా ఉందో లేదో తెలియలేదు.

రేడియోలో కోస్ట్ గార్డ్‌ని పిలిచింది. వాళ్లు వచ్చేదాకా రెండు గంటలు పాయ బయట ఆ గాలికి ఎదురుగా తిరుగుతూనే ఉంది. హిల్డే వాంతులు చేసుకుంది. వౌటర్, పోదామండీ అని బతిమాలాడు. నా తమ్ముణ్ని వదిలి ఎక్కడికి పోతానయ్యా అని అతని మీద విరుచుకుపడింది. పొయ్యి మీద వంకాయలు మాడి, ఎవరూ ఆపకుండానే గ్యాస్ అయిపోయి ఆరిపోయింది.

కోస్ట్ గార్డ్ వాళ్లు దీవంతా కాళ్లతో తొక్కి చూశారు. చిన్న పడవ రాతి మీదకి లాగి ఉంది, తెడ్లు రెండూ పక్కపక్కన పేర్చి ఉన్నాయి. మనిషి లేడు. చీకటి పడకముందే రేవుకి పొండి, వెతకడం మేం చూసుకుంటామన్నారు.

సొంత ఊరి రేవులోకి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. కట్ట మీద ఐస్‌క్రీం తింటూ జనం. ఎప్పుడూ ఉండే వెలుగు, ఎప్పుడూ ఉండే డీజిల్ వాసన. ఆర్గిరో చక్రం దగ్గర నిలబడి పడవని వెనక్కి నడిపింది. మిగిలిన తాడు పట్టుకుని వెనక నిలబడ్డది వౌటర్.

కట్ట అంచున ఒకడు చెయ్యెత్తాడు.

ఇసిడోరోస్. ఈదడానికి విప్పి పడేసిన చొక్కానే తొడుక్కుని, పొడిగా, నవ్వుతూ. ఆ చొక్కా ఇప్పుడు కూడా ఆర్గిరో కాళ్ల దగ్గరే పడుంది.

"ఇలా ఇవ్వు, అడ్మిరల్," అన్నాడు.

ఆ పిలుపు కోసం సాయంత్రమంతా ఆమె ప్రాణం కొట్టుకుంది. వద్దు అని ఆమె నోరు తెరిచేలోపు, దొరికాడమ్మా, మీ తమ్ముడు దొరికాడు అంటూ వౌటర్ ఏడుపుగొంతుతో తాడు విసిరేశాడు, ఆమె నేర్పినట్టే.

అతను అందుకుని తల వంచాడు. రెండు చుట్లు. మూడో చుట్టు.

ఆర్గిరో లోతు చూపే గడియారం వంక చూసింది. ఆరు. రేవు నీళ్లు కదలడం లేదు. వెనక తాడు ఒక లాగు లాగి... ఆగింది.

ఐదు.