రెండో నంబరు కట్ట

"రెండో నంబరు కట్ట ముందెలా కుట్టించావు?"

అనారా అక్క బల్లమీద చెయ్యి వేసి నన్ను నిలదీసింది. బిష్కెక్‌లో ఆ కుట్టు షాపు ఆమెది. బట్ట కత్తిరించి కట్టలు పంచడం నా పని. వారంలో బడులు తెరుస్తారు, ఈ యూనిఫాం కోట్ల కోసం సాయంత్రం ఆరింటికల్లా లారీ వచ్చేస్తుంది. ఆర్డర్లు వచ్చిన వరసలోనే కట్టలు కుట్టుకీ, ఎంబ్రాయిడరీకీ, ఇస్త్రీకీ కదలాలన్నది అక్క పట్టుదల.

"ఒకటో కట్టకి ఎంబ్రాయిడరీ లేదక్కా. అది కుట్టినంతసేపూ ఆ మిషన్ ఖాళీ. రెండోది ముందు కుట్టేస్తే, దాని మీద పువ్వులు పడేలోగా ఒకటోది కుట్టేసి నేరుగా ఇస్త్రీకి పంపొచ్చు."

"నేను కాసేపు టీ తాగితే సమత్‌కి కళ్లు మండుతాయక్కా," అంది బేగిమాయ్ నన్ను ఓరగా చూస్తూ.

బేగిమాయ్ అక్కకి చెల్లెలు. ఎంబ్రాయిడరీ మిషన్ ఆమెది. నా మనసు కూడా, వసంతం నుంచి, ఆమెదే. మా ఆచారం ప్రకారం ఆమె చెవులకి పెట్టి సంబంధం ఖాయం చేద్దామని మా అమ్మ వెండి కమ్మలు కొని దాచింది.

"అక్క ఉండగా నాకా?" అంది బేగిమాయ్ అప్పట్లో. "తనకి పెళ్లి ఇష్టం లేదు. మన సంగతి తెలిస్తే నాకు దారివ్వడానికి ఎవణ్ణో ఒకణ్ణి చేసేసుకుంటుంది. నువ్వు నోరు విప్పావంటే నీతో మాట్లాడను."

అందుకే నోరు కట్టుకుని తిరుగుతున్నాను.

"వెనకొచ్చింది ముందొచ్చినదాన్ని దాటిపోతే వరసకి విలువేముంది?" అంది అక్క.

"అసలు అటు వెళ్లనే వెళ్లనిదాని కోసం వెనకదాన్ని ఇంకా ఎన్నేళ్లు ఆపుతామక్కా?"

గంటలనబోయి ఏళ్లన్నాను. బేగిమాయ్ మిషన్ ఆగిపోయింది. అక్క నన్ను చూసింది, తల దించుకున్న చెల్లెల్ని చూసింది, ఇస్త్రీ దగ్గరికి వెళ్లిపోయింది.

లారీ రావడానికి పది నిమిషాల ముందే చివరి కోటు మడత పడింది. లారీ వెళ్లాక వాన మొదలైంది. ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. నాకు భయం వేసింది, ఇద్దర్నీ పోగొట్టుకున్నాననే అనుకున్నాను.

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేమే?" అంది అక్క.

"చెబితే నువ్వు ఎవర్నో..."

"చేసుకునేదాన్నే."

బేగిమాయ్ ఏడ్చేసింది. అక్క ఆమె తల నిమిరి నా వైపు తిరిగింది.

"ఆదివారం మీ అమ్మని కమ్మలు తీసుకుని రమ్మను."

"అక్క ఉండగా చెల్లికేమిటని నలుగురూ అడిగితేనో?" అంది బేగిమాయ్ కళ్లు తుడుచుకుంటూ.

"ఒకటో కట్టకి ఆ పని లేదు, నేరుగా ఇస్త్రీకి వెళ్లిందని చెప్తాను."