అయస్కాంతానికి అందని రాయి

రామగుండంలో ఒక గెస్ట్‌హౌస్, మూడో నంబర్ గది. ఉల్కల శాస్త్రవేత్త డాక్టర్ వేణుమాధవ్ కుర్చీలోనే చచ్చిపడి ఉన్నాడు. సైలెన్సర్ గన్, ఒకటే బుల్లెట్. బల్ల మీది ఉల్క రాయి మాయం.

"ఆపరేషన్ పైపొట్టు," ఫోన్‌లో చీఫ్ గొంతు. "మెకానిక్ వేషంలో గోదావరిఖని బొగ్గు యార్డుకు వెళ్లు ఉజైర్, మన ఏజెంట్ అక్కడ కలుస్తుంది. రాయి దేశం దాటకూడదు."

ఉజైర్ పళ్లు బిగించాడు. గార్డును ఇవ్వమని వేణుమాధవ్ మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ ఆ కాగితాన్ని చీఫ్ టేబుల్ మీద పెట్టింది తనే.

రామగుండం దగ్గరి జైపూర్ ఊరి చేలల్లో పడిన ఆ ఉల్క ఒక గ్రహశకలం పైపొట్టు నుంచి ఊడిన ముక్క. లావాగా పారి గడ్డకట్టింది. లోపలి వేడికి మళ్లీ ఉడికింది. ఆ తర్వాత కోట్ల ఏళ్లు వేరే శకలాల దెబ్బలు తిన్నది. పెద్ద దెబ్బ ఎప్పుడు తగిలిందో లోపల చిక్కుకున్న ఆర్గాన్ వాయువు చెబుతుంది. రాయిని కొలిమిలో వేస్తే వాయువు పోతుంది, దాంతోపాటే చరిత్రా పోతుంది. వేణుమాధవ్ పని సగంలో ఉంది.

గది నంబర్ తెలిసింది ముగ్గురికే. చీఫ్, ఉజైర్, రాయి కోసం తిరుగుతున్న విదేశీ ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన ఏజెంట్ మహెజబీన్.

గోదావరిఖని పక్కన ఒక ప్రైవేటు బొగ్గు యార్డు. మిట్టమధ్యాహ్నం. బెల్టు బొగ్గును క్రషర్‌లోకి మోస్తోంది. అక్కడ పొడై అది బాయిలర్‌కు పోతుంది. బెల్టు పక్కన క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో మహెజబీన్. అంత బొగ్గు దుమ్ములోనూ లిప్‌స్టిక్ చెదరలేదు. భుజాన శాంపిల్ సంచి. బొగ్గు శాంపిళ్లు రోజూ బయటి ల్యాబులకు పోతాయి. వాటిలో ఒక నల్లరాయిని ఎవడు పట్టి చూస్తాడు?

"చాయ్ దొరుకుతదా?" ఉజైర్ కోడ్ అడిగాడు.

"చక్కెర అయిపోయింది భాయ్." సరైన జవాబే.

"వేణుమాధవ్ తలుపు గిదే మాట చెప్పి తెరిపించినవా?"

ఆమె నవ్వింది. "నువ్వు మోసిన కాగితాలు మీ చీఫ్ నాకే పంపిండు, అభిప్రాయం చెప్పుమని. ఫికర్ అక్కర్లేదని రాసిన."

ఉజైర్ రివాల్వర్ తీసేలోపే ఆమె రాయిని బెల్టు మీదికి విసిరింది. "నన్ను పడతవా, దాన్ని పడతవా? జల్ది చెప్పు."

అతడు బెల్టు వెంట పరుగెత్తాడు. బెల్టును ఆపే తాడు లాగాడు. తెగిన తాడు చేతికొచ్చింది. పైన వేలాడే అయస్కాంతం మేకుల్నీ బోల్టుల్నీ లాక్కుంది, రాయిని వదిలేసింది. అందులో ఇనుప లోహం లేదు మరి.

క్రషర్ నోటికి జానెడు దూరంలో ఒక చెయ్యి దూసుకొచ్చి రాయిని ఎత్తేసింది.

సారక్క. ఇరవై ఏళ్లుగా బొగ్గులో రాళ్లు ఏరే మనిషి.

"గట్ల ఉరుకుతవేంది తమ్మీ, బెల్టుకు పోటీయా?"

"ఎట్ల గుర్తుపట్టినవక్కా?"

"బొగ్గు పెళ్ల కుదుపుకు ఎగురుతది. ఇది బరువుకు కదలక కూసున్నది. నా చెయ్యి దాటి రాయి పోతదా?"

ఉజైర్ ముందే గేటు దగ్గర కాపుంచిన పోలీసులు మహెజబీన్‌ను జీపెక్కిస్తున్నారు. సారక్క అటు చూసింది.

"దీని కోసం మనిషిని చంపిన్రా?"

"అవునక్కా."

"రాయి కోసం గింతమంది వచ్చిన్రు. ఆయన కోసం ఒక్కడు రాలే?"

ఉజైర్ రాయి అందుకున్నాడు.

ఫోన్ మోగింది. "శభాష్," అన్నాడు చీఫ్. "రిపోర్టులో రాయాలి. నష్టం ఏమైనా జరిగిందా?"

"లేదు సార్," అన్నాడు ఉజైర్. "రాయికేం కాలేదు."