మూడో ఛాంబర్‌లో పన్నెండు సెకన్లు

2001 మే 14, సోమవారం. ఉదయం 9.20.

పెదకాకాని రోడ్డు మీద ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీ. గేటు పక్కన వాచ్‌మన్ గది. గదిలో రేకుపెట్టె తెరిచి ఉంది. అందులో రెండు జతల బట్టలు, ఒక బైబిలు, ఒక శాక్సఫోన్. ఉండాల్సిన మూడు క్యాసెట్లు మాత్రం లేవు.

"పోయి ఎన్నాళ్ళయింది?" క్రైమ్ ఎస్సై శివనాగరాజు అడిగాడు.

"పద్దెనిమిది రోజులండి."

వాచ్‌మన్ యేసుపాదానికి అరవై ఎనిమిదేళ్ళు. పై వరసలో ముందుపళ్ళు లేవు. మాటలో సగం గాలే.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

"క్యాసెట్ల కోసం పోలీసులేం వస్తార్లే అని ఊరుకున్నా బాబూ. నిన్న టీ కొట్టులో నా వాయింపు వినిపించింది. కవరు మీద బొమ్మ మా తోమాది. నా దగ్గర నేర్చుకున్నోడే."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు. మిర్చి బస్తాలకు కాపలా కాసే ముసలాయన శాక్సఫోన్ మీద జాజ్ వాయిస్తాడంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. ఎస్సై మాత్రం నోట్‌బుక్ తీశాడు.

మద్రాసులో ఓ పెద్ద హోటల్ బ్యాండులో పద్నాలుగేళ్ళు. ఆ తర్వాత సినిమా ఆర్కెస్ట్రాలు. కీబోర్డులొచ్చి ఆ పని పోయింది. గుంటూరులో పెళ్ళి బ్యాండు. చివరికి పదకొండేళ్ళుగా ఈ గేటు. భార్య పోయింది. పిల్లలు లేరు. మొత్తం అర పేజీలో అయిపోయింది.

"మళ్ళీ వాయించి రికార్డు చేసుకోకూడదా?"

"మౌత్‌పీస్‌ని పై పళ్ళతో పట్టి ఉంచాలండి. ఆ పళ్ళు ఏప్రిల్ 26న పీకేశారు. పీకుతారని ముందే తెలుసు కాబట్టి మార్చి నెలాఖర్లో కూర్చుని, వచ్చిందంతా వాయించేశా. ఇక నా దగ్గరేం లేదు. ఉన్నదంతా వాటిలోనే."

"26న ఇక్కడికి ఎవరొచ్చారు?"

"తోమాయేనండి. ఆస్పత్రికి తీసుకెళ్ళి, తెచ్చి పడుకోబెట్టాడు."

"పెట్టెకి తాళం వేయలేదా?"

"నా వాయింపు ఎత్తుకుపోయేంత అవసరం ఎవరికుంటుందనుకున్నానండి."

ఆ జవాబు విని ఎస్సైకి మనసు చివుక్కుమంది.

"మీకేం కావాలి?"

"కవరు మీద నా పేరు సార్. అంతే."

మధ్యాహ్నం 2.40. సుభానీ క్యాసెట్ల షాపు.

కవరు వేసి అమ్ముతున్నది సుభానీయే. తోమా తెచ్చిచ్చాడు, తాను కాపీలు తీశాడు. అంతకుమించి తనకేమీ తెలియదన్నాడు. తోమా కూడా అక్కడే ఉన్నాడు. నలభై ఏళ్ళవాడు, టౌన్లో పేరున్న బ్యాండ్ మాస్టర్.

ఎస్సై టేప్ పెట్టించి ఒక వైపు చివరిదాకా విన్నాడు. "వెనకాల ఈ హోరేంటి?"

"కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్ సార్. మూడో ఛాంబర్‌లో రికార్డు చేశా. లోపలికి రోడ్డు గోల రాదు కదా. మాస్టారే చోటు చూపించారు."

"వాయించింది?"

"నేనే. మాస్టారు బటన్ నొక్కారంతే. పాపం, పెద్దాయన సార్. నాది తనదనుకుంటున్నాడు."

"ఎప్పుడు?"

"మార్చి నెలాఖరు."

"మధ్యలో ఆపి ఆపి వాయించావా?"

తోమాకి రోషం వచ్చింది. "ఒక్కో వైపు అరగంట, ఏకబిగిన. వినండి సార్, హోరు ఎక్కడైనా తెగిందేమో!"

"ట్యూన్ అయినప్పుడల్లా పన్నెండు సెకన్లు ఖాళీ. వాచీ పెట్టి చూశాను. ఎందుకది?"

"గ్యాప్ సార్. మామూలేగా."

"ఆఖరి ట్యూన్ తర్వాత కూడా పన్నెండే. ఆపైన రికార్డింగ్ ఆపిన క్లిక్. తర్వాత ఏమీ లేనప్పుడు గ్యాప్ దేనికి?"

సుభానీ టేప్ ఆపేశాడు.

ఆ సాయంత్రం స్టేషన్లో శివనాగరాజు క్యాసెట్‌ని రెండుసార్లు విన్నాడు. ఆయనకు సంగీతం తెలియదు. అయినా రెండోసారి అయ్యేసరికి ఇంటికి వెళ్ళాలనిపించలేదు. ఒంటరిగా ఉన్న మనిషి ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది ఆ వాయింపు.

మంగళవారం. ఉదయం 11.10. మూడో ఛాంబర్.

ఆరు డిగ్రీల చలి. పైకప్పు దాకా మిర్చి బస్తాలు. సుభానీ అప్పటికే నాలుగుసార్లు తుమ్మాడు. సూపర్‌వైజర్ నాగేంద్రబాబు ముక్కుకి రుమాలు కట్టుకుని వచ్చాడు. యేసుపాదం ఓ బస్తా మీద కూర్చున్నాడు.

"ఈ ఛాంబర్ ఎప్పుడు నిండింది?" ఎస్సై అడిగాడు.

"మార్చి పదిహేనుకే ఫుల్ అండి. ఇవే బస్తాలు, ఇంకా కదల్లేదు," అన్నాడు నాగేంద్రబాబు.

"తోమా, నీ శాక్సఫోన్ తెచ్చావుగా. వాయించు."

"ఏది సార్?"

"నీ ఇష్టం. అరగంట వాయించు చాలు."

తోమా మొదలుపెట్టాడు. బాగానే వాయించాడు. ఇరవై సెకన్లకి కళ్ళు ఎర్రబడ్డాయి. ముప్ఫై ఎనిమిదో సెకనుకి శాక్సఫోన్ నోట్లోంచి జారింది. వంగిపోయి దగ్గాడు. ఆగకుండా దగ్గాడు.

"గుంటూరోళ్ళం, ఘాటు మనకి అలవాటేననుకున్నావు," అన్నాడు శివనాగరాజు. ఆయన గొంతూ మండుతోంది. "ముక్కుతో మెల్లగా పీలుస్తూ నిలబడ్డం వేరు. శాక్సఫోన్‌కి నోరు తెరిచి గుండెల నిండా గాలి లాగాలి. ఇక్కడ గాలంతా కారమే. క్యాసెట్‌లో అరగంటకి ఒక్క దగ్గు లేదు. మధ్యలో ఆపలేదని నిన్న నువ్వే చెప్పావు. ఈ ఘాటులో పదకొండేళ్ళు బతికినవాడు తప్ప ఇంకెవడూ అలా వాయించలేడు."

అందరూ యేసుపాదం వైపు చూశారు. రుమాలు లేదు. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాడు.

తోమా నేల మీద కూలబడ్డాడు. "తప్పయిపోయింది మాస్టారూ. ఎవరూ వినరు, పెట్టెలో పాడైపోతాయనుకున్నా. మిగతా రెండూ ఇంట్లోనే ఉన్నాయి."

"ఏరా, అడిగితే ఇవ్వనా? పేరొక్కటే ఉంచమనేవాణ్ణి కదరా."

కవర్లన్నీ మారుస్తానని సుభానీ అడక్కుండానే ఒప్పుకున్నాడు.

"నాకింకొకటి తేలలేదు మాస్టారూ," అన్నాడు ఎస్సై. "ఆ పన్నెండు సెకన్లు?"

యేసుపాదం సిగ్గుపడ్డాడు.

"మద్రాసు హోటల్లో ట్యూన్ అవగానే చప్పట్లు కొట్టేవాళ్ళండి. అవి అయిందాకా ఆగి రెండోది ఎత్తుకునేవాళ్ళం. ఆ అలవాటు పోలేదు."

"ఇక్కడ ఎవరున్నారు కొట్టడానికి?"

"ఎవరూ లేరండి. అయినా ఆగేవాణ్ణి."

శివనాగరాజు తనతో తెచ్చిన టేప్‌రికార్డర్ బటన్ నొక్కాడు. ఆఖరి ట్యూన్ నెమ్మదిగా తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. కంప్రెసర్ హోరు మిగిలింది. ఎస్సై నోట్‌బుక్ చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. బస్తాల మధ్య ఆ చప్పుడు సరిగా మోగనైనా లేదు.

యేసుపాదం లేచి నిలబడ్డాడు. ఖాకీ చొక్కా సర్దుకుని, తల వంచాడు. టేపు క్లిక్ మనేదాకా అలాగే వంగి ఉన్నాడు.