మోటబాయిల మనిషి గొంతు

దగ్గరికి జరుగుండ్రి. భజన అయిపోయింది, హారతి తీసుకున్నరు, ప్రసాదం చేతిల ఉండనే ఉంది. ఎనుక కూసున్న అవ్వలు గూడ ముందుకు రాండ్రి... ఇది గట్టిగ చెప్పే ముచ్చట కాదు.

బోధన్ నుంచి రుద్రూర్ పోయే తొవ్వల, చెరుకు తోటల నడుమ ఒక మలుపు ఉంది. పక్కనే, తోట లోపల, గట్టు లేని మోటబాయి — ఎండిపోయి ఏండ్లయింది. పొద్దుగూకినంక అక్కడ ఎవ్వరూ ఆగరు. బాయిలకెళ్ళి మనిషి గొంతు పిలుస్తదంటరు. పలికినోడు ఇల్లు చేరడంటరు.

ఈ చెడ్డపేరు తాతల నాటిది కాదు. దాని వయసు రెండేండ్లు. పుట్టించింది మన భానుప్రసాద్.

నిజామాబాద్‌ల ఉంటడు, డిటెక్టివ్ నవలలు రాస్తడు. రెండేండ్ల కింద రాసిన నవలల, హంతకుడు శవాన్ని బాయిల దాస్తడు. ఎవ్వరూ అటు రాకుండ, దెయ్యం పిలుస్తదని పుకారు లేపుతడు. భానుప్రసాద్ దానికి ఈ మలుపు పేరే పెట్టిండు. బాయిని మాత్రం కండ్లతోటి చూడలే — ఫోన్ల మ్యాప్ చూసి రాసిండు. నవల ఊరూర ఫోన్లల్ల తిరిగింది. చదివినోళ్ళు చదవనోళ్ళకు చెప్పిండ్రు. చెప్పంగ చెప్పంగ నవల సంగతి మరిచిండ్రు, దెయ్యం మిగిలింది.

నిరుడు చెరుకు కొట్టే కాలంల పిలుపు నిజంగనే వినపడ్డది. రెండు రాత్రులు... "పానీ... పానీ..." అని. మూడో రాత్రి లేదు.

నీ దెయ్యం పిలుస్తుంది సారూ అని ఆయనకు ఫోన్లు చేసిండ్రు. సంబురపడ్డడు. నోటుబుక్కుల రాసుకున్నడు — రెండో భాగం దీంతోటే మొదలుపెట్టాలె.

ఈ ఏడు ఆ రెండో భాగం కోసమే బయలెల్లిండు. బాయిల మనిషి అరిస్తే రోడ్డు దాక వినపడుతదా, లేదా? చూసినంకనే రాయాలనుకున్నడు. ఎటు పోతుండో ఇంట్ల గూడ చెప్పలే. బండి మలుపు కాడ పెట్టి, ఫోన్ లైటు పట్టుకొని తోటల చొచ్చిండు. చెరుకాకులు మొఖానికి గీరుకుంటున్నయ్... ఒక్క అడుగు. ఆ అడుగు కింద నేల లేదు.

కాలు విరిగింది. ఫోన్ ఒడ్డు మీదనే పడ్డది. పైన మోగుతనే ఉంది — భార్య స్నేహలత. వెలుగు వస్తది, పోతది... చెయ్యి అందదు.

అరిచిండు. రోడ్డు మీద ఒక బండి నెమ్మదైంది. ఆయన పాణం లేచొచ్చింది.

"అన్నా... బాయిల పడ్డ..."

బండి ఒక్కసారే ఉరికింది. తర్వాత ఆటో వచ్చింది — మనిషి లేని బండి మలుపు కాడ కనపడంగనే, లోపలోళ్ళు జై బజరంగబలి అనుకుంట దూరమైండ్రు. తర్వాత చెరుకు ట్రాక్టర్. డ్రైవర్ పాటల సౌండు పెంచిండు.

ఆయన తెలుసుకోవాలనుకున్నది తెలిసింది. వినపడుతది. మంచిగ వినపడుతది.

నడిరాత్రికి గొంతు పూర్తిగ పోయింది. ఒరుగుదామని చెయ్యి ఆనిస్తే, వాననీళ్ళు ఇంకిన బురదల ఏదో తగిలింది. చెరుకు కొట్టే కత్తి. పిడికి గుడ్డపేలిక చుట్టి ఉంది. దాని పక్కన... తడిమిండు. వేళ్ళు. మనిషి వేళ్ళ ఎముకలు.

నిరుటి ఆ రెండు రాత్రులు ఏందో ఆయనకు అప్పుడు సమజైంది.

అగో... అప్పుడే పైనుంచి ఆడమనిషి గొంతు.

"రామ్‌దాస్... నువ్వేనా?"

కాదందామంటే గొంతు లేదు. ఆ కత్తితోటే రాయి మీద కొట్టిండు.

ఆమె రాధాబాయి. మంజీర నది అవతల, మహారాష్ట్రల ఒక ఊరు. నిరుడు పురిటికని ఇంటికాడ ఉండిపోయింది. చెరుకు కొట్టనీకి వచ్చిన మొగడు రామ్‌దాస్, ఒక రాత్రి నీళ్ళకని పోయి మళ్ళ రాలే. పని ఓర్వక పారిపోయిండన్నడు మేస్త్రి. ఆమె నమ్మలే. ఈ ఏడు తనే కత్తి పట్టుకొని వచ్చింది, పని అయినంక తోట తోట వెతుకుతుంది. తెలుగు మాట్లాడుతది గని చదవరాదు. మలుపు చెడ్డపేరు ఆమె దాక పోలే.

చెరుకు కొట్టేటోళ్ళ గుడిసెలకాడికి ఉరికి మనుషులను తెచ్చింది. తాళ్ళేసి ఆయనను గుంజిండ్రు. ఆయన చేతిల కత్తి చూసింది. పిడికున్న పేలిక మీది బురదను వేలుతోటి తుడిచింది. అది ఆమె చీరముక్క.

ఏడ్వలే. కత్తిని కొంగుల చుట్టుకొని అడిగింది.

"రాధా, రాధా అని పిలిచినవ్ గద సారూ. గందుకే వచ్చిన. నా పేరు నీకెట్ల ఎరుక?"

ఆయనకు ఆ పేరు ఎరుకలేదు. పిలవనీకి గొంతు గూడ లేకుండె...

తెల్లారినంక ఎముకలు పైకి తీసిండ్రు. ఆమె ఇంకొక్క మాట అడిగింది — "నిరుడు గూడ పిలిచే ఉంటడు. ఎవ్వరూ వినలేదా?"

ఎన్ని హత్యల చిక్కులో విప్పిన మనిషి, ఆ దినమే తన నవలను ఫోన్లల్లకెళ్ళి తీసేసిండు. మంది నోళ్ళల్లకెళ్ళి ఎట్ల తీస్తడు?

ఆమెకు చెప్పాల్సిన జవాబు నా కాడ ఉంది బిడ్డలారా. నిరుడు, రెండో రాత్రి, ఆ మలుపు దాటిన ఆటోల నేనున్న. పానీ అన్నది విన్న. హనుమంతుని పేరెత్తుకొని, జల్ది పోనియ్యమన్న. ఆగే ధైర్యమిచ్చే స్వామి పేరును, ఉరకనీకి వాడుకున్న.

మీరు ఒక్క పని యాదుంచుకోండ్రి. చీకట్ల ఎవరు పిలిచినా, స్వామిని తలుసుకొని ఆగుండ్రి. ఎవరని అడుగుండ్రి. అడిగినంక భయపడుండ్రి. ఇంటికి పోయి పిల్లలకు ఈ కథ చెప్పకున్నా సరే... ఆ ఒక్క మాట నేర్పుండ్రి.

"ఎవరు?"