పున్నయ్య బావిలో నల్లబడిన గుడ్డ

1978 అక్టోబరు, మంగళవారం, పొద్దున పది. గుడివాడ స్టేషన్ రెండో ప్లాట్‌ఫారం మీద బెజవాడ పాసింజరు కోసం నిలబడ్డ బాబూరావు, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ దగ్గినంత చప్పుడు కూడా చెయ్యలేదు. జనం మూగేసరికి అతని బ్రీఫ్‌కేసు మాయమైంది.

బాబూరావు ప్రభుత్వ కెమిస్టు. దివిసీమ బావుల నీళ్ళు పరీక్ష చేసి, రిపోర్టు హైదరాబాదు పట్టుకెళ్తున్నాడు. రిపోర్టు పోయింది. నీళ్ళ సీసాలు పోయాయి. అతని జేబులో మడతపెట్టిన జానెడు గుడ్డ మాత్రం మిగిలింది. మురికి జేబురుమాలు అనుకుని వదిలేశారు మహానుభావులు.

మధ్యాహ్నం మూడింటికి ఆ గుడ్డ గుడివాడలో ఒక రైస్‌మిల్లు వెనకగదిలో, గూఢచారి విభాగం డైరెక్టర్ పూర్ణచంద్రరావు బల్లమీద ఉంది. ఎదురుగా ఏజెంట్ సెవెన్టీన్, హిదాయతుల్లా.

“ఓర్విన్ కెమికల్స్. విదేశీ కంపెనీ,” అన్నాడు డైరెక్టర్. “ఉప్పెన సాయం పేరుతో మూడొందల డ్రమ్ములు దింపింది. మందు అన్నారు. నిజానికి వాళ్ళ దేశంలో పారబొయ్యడానికి వీల్లేని విషం.”

“ఇప్పుడు?”

“బావులు చెడ్డాయి. ఎల్లుండి పదకొండింటికి బందరు గెస్ట్‌హౌస్‌లో అగ్రిమెంటు. డ్రమ్ములు ఉప్పెనకు ముందే గోడౌన్లో ఉన్నాయట, అలే ఈడ్చుకుపోయిందట. ఎవరి తప్పూ లేదట. శుభ్రం చేసే ఖర్చంతా మనదట. మన స్పెషలాఫీసరు సంతకం పెడితే ఇక ఏ కోర్టుకెళ్ళినా లాభం లేదు.”

“డ్రమ్ములు ఎక్కడున్నాయి సార్?”

“బాబూరావుకు తెలుసు.”

 డైరెక్టర్ ఒక పెన్ను కెమెరా ఇచ్చాడు. “కాంటాక్టు లీలావతి. వాళ్ళ ఏజెంటు డోర్న్ దగ్గర ఇంటర్‌ప్రెటర్. మనకూ పనిచేస్తుంది. ఎవరికి ఎక్కువ పనిచేస్తుందో నన్నడక్కండి.”

హిదాయతుల్లా గుడ్డ వాసన చూశాడు. కరక్కాయ. బందరులో అతని తల్లి ఖైరున్ బీ కలంకారీ గుడ్డను కరక్కాయ రసంలో ముంచి ఆరేసేది. ఇనుము కలిసిన నీళ్ళు తగిలితే ఆ గుడ్డ నల్లగా మారిపోతుంది. అందుకే అద్దకం వాళ్ళు కొత్త రేవులో దిగే ముందు ఒక పీలిక ముంచి చూస్తారు. బాబూరావూ బందరు వాడే. అతనికీ ఆ సంగతి తెలుసు. గుడ్డమీద పెన్సిల్‌తో అయిదు బావుల పేర్లున్నాయి. నాలుగు పేర్ల పక్కన గుడ్డ లేత పసుపు. అయిదో పేరు దగ్గర కాటుక నలుపు.

ఈతలంక. పున్నయ్య బావి. ఇనప డ్రమ్ములు ఆ చుట్టుపక్కలే తుప్పుపడుతున్నాయన్నమాట.

బుధవారం పొద్దున కూచిపూడి బస్‌స్టాపులో నల్లకళ్ళద్దాల అమ్మాయి అతని పక్కన నిలబడింది. సిల్కు చీర. బందరులో దొరకని సెంటు.

“నాగాయలంక బస్సు ఎన్నింటికండీ?” అంది. కోడ్‌వర్డ్.

“వచ్చినప్పుడే.”

“బాబూరావుగారి సంగతి విన్నాను,” అంది లీలావతి. ఆమె కళ్ళద్దాలు సర్దుకుంది. “మీరు వెతికేది సముద్రం ఒడ్డు ఇసకదిబ్బల్లో ఉందట. డోర్న్ చెప్పాడు.”

అబద్ధం చెప్తోందో, అబద్ధం నమ్మిందో అతనికి తేలలేదు. ఈతలంక బస్సే ఎక్కాడు.

పంచాయతీ బ్లీచింగ్ గుమాస్తా వేషంలో, తెల్లటి పొడి సంచీతో దిగాడు. ఊరనేది పది కొత్త పాకలు. పాతవి పోయిన ఏడాది నవంబరు ఉప్పెనలో మనుషులతో సహా పోయాయి. మొండి తాటిచెట్ల మీద ఎక్కడో అందనంత ఎత్తున ఒక చీరపీలిక ఇంకా చిక్కుకుని ఉంది. దాన్ని తియ్యడానికి ఎవరూ ఎక్కలేదు. 

పున్నయ్య నులకమంచం మీద ఉన్నాడు. గోళ్ళ కింద నలుపు, చిగుళ్ళు పుళ్ళు. గోడకు స్టూడియో ఫోటో, నల్లకళ్ళద్దాల అమ్మాయి.

“మా అమ్మాయండి. లీలావతి. పెద్ద కంపెనీలో చేస్తంది.”

హిదాయతుల్లా బావి నీళ్ళు తోడి, కరక్కాయ రసం పట్టించిన పీలిక ముంచాడు. అరనిమిషంలో నల్లబడింది. “ఈ నీళ్ళు తాగుతున్నారా బాబాయ్? రుచి తేడాగా లేదూ? ఎవరికీ చెప్పలేదా?”

“ఎవరిమీద చెప్తామండి?” పున్నయ్య బావి పక్కనున్న దిబ్బ చూపించాడు. “ఉప్పెనలో పోయిన నూట అరవైమందినీ అక్కడే పూడ్చాం. మా ఆవిడ ప్రేమమ్మని కూడా. చీర అంచు చూసి గుర్తుపట్టాను. అమ్మాయికి మాత్రం శవం దొరకలేదని చెప్పా, తట్టుకోలేదని. ఆ రుచి మావాళ్ళదండి. బాలేదంటే వాళ్ళని అన్నట్టవదా?”

 హిదాయతుల్లా గునపం తీసుకుని దిబ్బ ఎక్కాడు. రెండడుగుల లోతులో గునపం ఠంగుమంది. మట్టి తీస్తే తుప్పుపట్టిన డ్రమ్ము, దానిమీద ఓర్విన్ ముద్ర.

“ఆ డ్రమ్ములా?” అన్నాడు పున్నయ్య. “క్రిస్మస్ అయ్యాక లారీల్లో తెచ్చారండి. రోగాలు రాకుండా శవాలకి మందన్నారు. మేం దండం కూడా పెట్టాం.”

పెన్ను కెమెరాతో ఫోటోలు తీశాడు. తిరుగుదారిలో చినుకులు పడి పెన్నులోకి నీళ్ళు దిగాయి. ఫిల్ము మొత్తం పాడైంది. రెండువేల రూపాయల ఫారిన్ సరుకు, రూపాయి కరక్కాయలు చేసినంత పని చెయ్యలేదు.

గురువారం పదిన్నర. గెస్ట్‌హౌస్ వరండాలో బేరర్ డ్రెస్సులో ఉన్న హిదాయతుల్లా లీలావతికి నల్లబడ్డ పీలిక చూపించాడు.

“ఈతలంకదమ్మా. డ్రమ్ములు దిబ్బలో ఉన్నాయి. మీ నాన్నగారు ఏడాదిగా ఆ నీళ్ళే తాగుతున్నారు.”

“ఏ దిబ్బ?”

చెప్పాడు. ప్రేమమ్మ చీర అంచు సంగతీ చెప్పాడు.

లీలావతి కళ్ళద్దాలు తీసింది. “బాబూరావుగారి రైలు టైము డోర్న్‌కు చెప్పింది నేనే,” అంది నెమ్మదిగా. “కాయితాలు లాక్కుంటామన్నారంతే.”

“నా ఫిల్ము పోయింది. డ్రమ్ములు ఓడ దిగిన తేదీ కాయితం మీ దగ్గరుండాలి.”

ఆమె కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అతనికి మంచినీళ్ళ జగ్గు పట్టుకుని వెనకే వెళ్ళడం తప్ప దారి లేదు.

పదకొండు. స్పెషలాఫీసరు పెన్ను క్యాప్ తీశాడు. డోర్న్ చిరునవ్వుతో తలూపాడు. లీలావతి తెలుగులో చదువుతోంది.

“ఉప్పెనకు ముందే నిలవ ఉన్న డ్రమ్ములు అలలకు కొట్టుకువచ్చి, భూమిలో...”

ఆగింది. ఆఫీసరు పెన్ను కాయితానికి తగిలింది.

“సార్. మా అమ్మ ఉప్పెనలో పోయింది,” అంది లీలావతి. “ఆ దిబ్బలో ఉంది. డ్రమ్ములు ఆమె మీద ఉన్నాయి. పైనున్నవి ముందెలా వస్తాయండీ?”

హ్యాండ్‌బ్యాగ్ తెరిచి మద్రాసు హార్బరు కాయితం బల్లమీద పెట్టింది. తేదీ 1977 డిసెంబరు 22.

డోర్న్ చెయ్యి కోటులోకి వెళ్ళింది. ఆ చేతిమీదే ఇత్తడి జగ్గు పడింది. మణికట్టు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ తివాచీమీద నీళ్ళల్లో పడింది. ఆఫీసరు పెన్నుకు క్యాప్ పెట్టేశాడు.

లీలావతి బేడీల కోసం తనే చేతులు ముందుకు చాపింది. “ముందు నాన్నకు మంచినీళ్ళు పంపించండి,” అంది. ఆ సాయంత్రమే ట్యాంకరు వెళ్ళింది. పున్నయ్య ఒక గుక్క తాగి, చప్పగా ఉన్నాయని, దిబ్బవైపు తిరిగి ఏడ్చాడట.

నెల తర్వాత డైరెక్టర్ ఫోన్ చేశాడు. “ఓర్విన్ ఒప్పుకుంది. తవ్వి తీసే ఖర్చు, బావుల ఖర్చు, ఆసుపత్రి ఖర్చు అంతా వాళ్ళదే. వాళ్ళు ఒక్క ప్రశ్న రాశారు, సెవెన్టీన్. డ్రమ్ముల కిందున్నవాళ్ళని ఏం చెయ్యాలని.”

“కదిలించొద్దని రాయండి సార్,” అన్నాడు హిదాయతుల్లా. “ఈ కేసులో నిర్దోషులని తేలింది వాళ్ళొక్కళ్ళే.”