కొండ మీంచి దిగిన కుర్చీలు

ఆ ఉదయం కూడా జెనెల్ ముందు కూతురి పెదవులే చూసింది. గులాబీ రంగులోనే ఉన్నాయి. అయినా నమ్మకం కుదరక దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, ఆపరేషన్ మచ్చ పక్కన అరచేయి ఆనించింది. గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది. ఆపరేషన్ జరిగి ఏడాది దాటినా ఆమెకు ఈ అలవాటు పోలేదు.

"అబ్బా, అమ్మా! నీ చెయ్యి ఎంత చల్లగా ఉందో!" అని ముడుచుకుంది ఐలా.

"లే మరి. బడి బస్సు వచ్చేస్తుంది."

వంటింట్లో యాలకుల రొట్టె వాసన కమ్ముకుంది. సుపీరియర్ సరస్సు మీదనుంచి వచ్చిన మంచు కిటికీ సగం దాకా పేరుకుపోయింది. అప్పుడే పనినుంచి వచ్చిన డెరిక్ తడి బూట్లు విప్పుకుంటున్నాడు. జనం కాళ్ళకి స్కీ చెక్కలు కట్టుకుని మంచు మీద జారే కొండల కంపెనీలో మిషన్లతో మంచు తయారు చేయడం అతని ఉద్యోగం.

"బయట ఇంత మంచు పడుతుంటే ఇంకా మీరు తయారు చేయడమేమిటి?" అంది జెనెల్.

"దేవుడి మంచుకి టికెట్ పెట్టలేరుగా! వాళ్ళ మంచుకైతే ఎంతైనా పెట్టొచ్చు," అని నవ్వాడు డెరిక్. ఆ వెంటనే గొంతు తగ్గించాడు. "ఇవాళ ఆ లాయరమ్మ వస్తుందిగా. కాస్త చూసుకుని మాట్లాడు."

"నాకేం తెలుసని? తెలిసినాయన నోరే విప్పడు," అంది జెనెల్, వెనక గది వైపు చూస్తూ.

ఆ గదిలో ఉన్నది ఆమె తండ్రి, వేనో హౌతల. ఊరి పిల్లలందరూ స్కీలతో జారడం నేర్చుకున్న చిన్న కొండ ఆయనది. భార్యతో కలిసి చెట్లు కొట్టి, తీగకు వేలాడే కుర్చీల్లో జనాన్ని పైకి చేర్చే లిఫ్టు కట్టి, ఏళ్ళ తరబడి నడిపాడు. భార్య పోయాక దాన్ని కంపెనీకి అమ్మేశాడు. జిల్లాలో మిగిలిన రెండు కొండలూ అప్పటికే ఆ కంపెనీవే. మేమే నడుపుతామన్నారు. తీరా మొదటి మంచు పడగానే, లిఫ్టు తీగ పాడైందని, జనం కూడా రావడం లేదని చెప్పి తాళం వేసేశారు. ఆ చలికాలమే తమ రెండు కొండల్లో టికెట్టు ధర పెంచారు. బడిపిల్లల స్కీ క్లాసులు ఆగిపోయాయి. మూసేయడానికే పోటీ కొండను కొన్నారు, ఇది పోటీ చట్టానికి విరుద్ధం అని ప్రభుత్వం కేసు వేసింది.

అప్పటినుంచి ఊరు వేనోతో మాట్లాడడం మానేసింది. ఆయన శనివారం ఆవిరిగది వేడి చేసి కూర్చుంటే, ఒకప్పుడు బెంచీ చాలనంత మంది వచ్చే చోటికి ఎవరూ రావడం లేదు. కూతురు కూడా ఆయనకు అన్నం పెడుతుంది, అంతే. అమ్మ కొండను అమ్మేశాడన్న కోపం ఆమెకు ఇంకా చల్లారలేదు.

ప్రభుత్వ లాయరు రెనీ డూషేన్ వచ్చేసరికి ఐలా బడికి వెళ్ళిపోయింది. అద్దాల వరండాలో గొలుసులకు వేలాడే కుర్చీలో కూర్చుని ఆమె బూట్లు విప్పుకుంది.

"భలే ఉందండీ ఇది. ఈ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో చూశాను."

"మా లిఫ్టు కుర్చీలే. నాన్న ఇంటికొకటి పంచిపెట్టారు," అంది జెనెల్. ఎంత కోపమున్నా ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం పలికింది.

"కొండ మూసేశాకా?"

"లేదండీ, అంతకు ముందు ఎండాకాలంలోనే. కొత్తవి వేస్తారనుకున్నాం. అడవిలో బ్లూబెర్రీలు కోసుకొచ్చి ఇందులోనే కూర్చుని ఏరుకున్నాం. ఐలా గౌను నిండా మరకలు..."

ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది. కుర్చీలన్నీ ఇళ్ళకు పోతే ఇక లిఫ్టు నడిచేదెక్కడ? మంచు పడ్డాక తీసుకున్న నిర్ణయమని కంపెనీ చెబుతున్నది అబద్ధం. తండ్రికి అప్పటికే తెలుసు.

రెనీ నోటుపుస్తకం మూసేసింది. "రేపు కోర్టులో మీ నాన్నగారిని ఇదే అడుగుతాం. ఆయన్ని నిజం చెప్పమనండి," అని మెల్లగా అని వెళ్ళిపోయింది.

జెనెల్ వెనక్కి తిరిగేసరికి వేనో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నీకు తెలుసు! మూసేస్తారని తెలిసే అమ్మావు!"

"కుర్చీలు వాళ్ళకెందుకు, పారేస్తామన్నారు. నాకు మనసు ఒప్పలేదమ్మా."

"కుర్చీలకి ఒప్పలేదు గానీ కొండకి ఒప్పిందా? నిన్న కొట్లో వెర్నా ఏమందో తెలుసా? 'మా పిల్లల స్కీలు పొయ్యిలో పెట్టుకోమంటాడా మీ నాన్న?' అంది. అందరూ విన్నారు. నేను తల దించుకుని వచ్చేశాను. అమ్మ బతికుంటే నీ మొహం చూసేది కాదు!"

వేనో బల్ల ముందు కూలబడ్డాడు.

"ఐలా పెదవులు నీలంగా ఉండేవి, గుర్తుందా?"

జెనెల్ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మన కొండమీద డెరిక్‌కి చలికాలం ఒక్కటే పని. అది అయిపోతే వైద్యానికి ఇన్సూరెన్సూ లేదు. ఆస్పత్రివాళ్ళేమో ఆలస్యం చేయొద్దన్నారు. అల్లుడికి ఏడాది పొడవునా ఉద్యోగం, ఇన్సూరెన్సుతో సహా ఇమ్మని కంపెనీని అడిగాను. ఇస్తాం గానీ కొండ మూస్తాం, నోరెత్తకూడదన్నారు. సరే అన్నాను."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"చెప్తే నువ్వూ సరే అనేదానివి తల్లీ. ఏ తల్లి అనదు? ఇక ఊరు నిన్నూ వెలేసేది. నన్ను తిట్టుకుంటూ నువ్వు నిద్రపోగలిగావు. అది చాలనుకున్నాను." ఆయన మొహం తుడుచుకున్నాడు. "రేపు గుర్తు లేదంటాను. నిజం చెప్తే డెరిక్ ఉద్యోగం పోతుంది. పిల్లకి ఇంకా గుండె పరీక్షలున్నాయి."

పడుకోవడానికి వెళ్ళిన డెరిక్ ఎప్పుడు వచ్చాడో, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నేను బాగా పని చేస్తానని ఇచ్చారనుకున్నాను మామా," అన్నాడు. నవ్వబోయాడు గానీ చేతకాలేదు. "చెప్పెయ్. రోడ్ల మీద మంచు తోసే పని అడుగుతాను."

"అది దొరక్కపోతే?" అన్నాడు వేనో.

ఇద్దరూ జెనెల్ వైపు చూశారు. గుర్తు లేదనే చెప్పు నాన్నా అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా బల్ల మీద తండ్రి చేతులున్నాయి. ఈ రెండు చలికాలాల్లో ఆ చేతుల్ని తాను ఒక్కసారైనా పట్టుకోలేదు.

"ఆ బరువంతా నన్నడక్కుండా మోశావు," అంది, వాటిని దగ్గరికి తీసుకుంటూ. "ఇక చాలు నాన్నా. ఉన్నదున్నట్టు చెప్పు. పిల్ల సంగతి మనం ముగ్గురం చూసుకుందాం."

అప్పటిదాకా కూతురి ముందు ఏడవని వేనో, ఆ బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు.

మర్నాడు కోర్టు వరండాలో బెంచీ మీద ఊరివాళ్ళు కొందరు కూర్చున్నారు. తండ్రీకూతుళ్ళు రాగానే వెర్నా మొహం తిప్పుకుంది. వేనో లోపలికి వెళ్ళి చాలాసేపటికి బయటికి వచ్చాడు.

"చెప్పావా?"

"చెప్పాను, ముందే తెలుసని. ఉద్యోగం సంగతి కూడా చెప్పాను. కొండను తెరిపించగలరో లేదో తెలియదట. లిఫ్టు మొత్తం తుప్పు పట్టిపోయింది."

"ఐలా సంగతి?"

"ఆ పేరెత్తలేదు. అల్లుడికి మేలు జరగాలని ఆశపడ్డానన్నాను. అదీ నిజమేగా. తమ కొండ పోయింది దానివల్లేనని పిల్లలు వేలెత్తి చూపిస్తే, అది తట్టుకోలేదమ్మా."

జెనెల్ ఆయన చేయి పట్టుకుని బెంచీ దగ్గరికి నడిపించుకుని వెళ్ళింది.

"వెర్నా," అంది. "నా కూతురు బతకడం కోసం అమ్మాడు. నాకూ నిన్ననే తెలిసింది. తిట్టాలనుకుంటే మా ఇద్దర్నీ తిట్టు, పిల్లని కాదు."

వెర్నా వేనో మొహంలోకి, ఆయన తడిసిన కళ్ళలోకి చూసింది. తర్వాత పక్కన పెట్టుకున్న కోటు తీసి ఒళ్ళో పెట్టుకుని, కొంచెం జరిగింది.

"కూర్చో వేనో," అంది.