రెండొందల పన్నెండో పేజీ

"టాయిలెట్లు ఎడమ పక్కన, మదామ్."

సొలెన్ బిత్తరపోయింది. "నేనింకా ఏమీ అడగలేదు!"

"పొద్దుట్నుంచీ అందరూ నన్నదే అడుగుతున్నారు," అన్నాడు బల్ల వెనక కూర్చున్నతను.

ఫ్రాన్స్‌లోని కెంపేర్ ఊళ్లో పుస్తకాల పండుగ. హాలు రేకుల మీద సన్నగా వాన. పక్క బల్ల ముందు తలుపుదాకా క్యూ ఉంటే, అదే రచయిత ఎర్వాన్ లెగాల్ కోసమనుకుని సొలెన్ గంటసేపు నిలబడింది. తీరా ముందుకొచ్చాక తెలిసింది, అది ముసలి చిత్రకారుడు బార్నబే క్యూ అని. పుస్తకం కొన్న ప్రతివాళ్లకీ ఆయన అందులో అడిగిన బొమ్మ వేసిస్తాడు. ఆమె పక్కనే ఖాళీగా ఉన్న ఈ బల్ల దగ్గరికి జరిగింది గానీ, బార్నబే పుస్తకాల దొంతర వెనక ఇతని పేరు రాసిన అట్ట దాగిపోయింది.

"ఎర్వాన్ లెగాల్ గారు కాఫీకి వెళ్లారా?"

"ఆయనతో ఏం పని?"

"పోట్లాడాలి."

అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పాపం, ఏం చేశాడేంటి?"

"పదకొండు నవలల్లో కెప్టెన్ ఇజోర్ చేత నక్షత్రాల మధ్య ఓడ నడిపించి, పన్నెండో నవల్లో చంపేశాడు. రెండొందల పన్నెండో పేజీలో, మూడే మూడు వాక్యాల్లో! విసుగెత్తి చంపాడు. చదివితే తెలిసిపోతోంది."

"పన్నెండోది ఇంకా అచ్చు కాలేదు, మదామ్."

సొలెన్ నాలుక కరుచుకుంది.

"అది చదివింది నేనూ, మా పబ్లిషరూ, ఇంకొకరూ." అతను ఆమె వేలికున్న ఎర్ర పెన్సిల్ మరక చూశాడు. "ప్రూఫులు దిద్దే సొలెన్ మీరేనా?"

తొమ్మిదేళ్లుగా ఇద్దరి మధ్యా పోస్టులో ప్రూఫులే తిరిగాయి. 'రెండో చందమామ ఏమైంది?' అని ఆమె మార్జిన్‌లో అడిగేది. 'మరిచిపోయాను. మీ దగ్గరా వానేనా?' అని అతను రాసేవాడు. ఏటా శరత్కాలంలో వచ్చే ఆ కవరు కోసం ఆమె ఎదురుచూసేది. ఈసారి కవరులో పబ్లిషర్ చీటీ కూడా ఉంది: ఇదే ఆఖరి నవల, ఇక ఎర్వాన్ బడిలో ఫిజిక్స్ చెబుతాడు.

"మానేస్తున్నారట?"

"చూస్తున్నారుగా. పన్నెండు నవలలు రాసి, టాయిలెట్లకి దారి చూపిస్తున్నాను."

"దారి మాత్రం బాగా చెబుతాడమ్మా!" అన్నాడు బార్నబే తలెత్తకుండానే.

సొలెన్ సంచిలోంచి ఆ పేజీ తీసి అతని ముందు పెట్టింది. "సోమవారం ప్రెస్సుకి వెళ్లాలి. ఇదొక్కటీ పంపలేదు."

మార్జిన్‌లో ఆమె సన్నటి అక్షరాలు: 'ఈమె పోతే వచ్చే ఏడు నేను దేనికోసం ఎదురుచూడాలి?'

ఎర్వాన్ రెండుసార్లు చదివాడు. ఆమె పెన్సిల్ అడిగి తీసుకుని మూడు వాక్యాలూ కొట్టేశాడు. కింద ఏదో రాసి పేజీ ఆమె వైపు తిప్పాడు.

'పదమూడోది రాస్తాను. ప్రశ్నలు మాత్రం పోస్టులో వద్దు, ఎదురుగా కూర్చుని అడగండి.'

సొలెన్ చెవులు ఎర్రబడ్డాయి. "మరి బడి?"

"సెలవులుండవా?"

"నా ప్రశ్నలు సెలవులకి సరిపోవు."

"ఆదివారాలు కూడా మీవే." అతను లేచి పక్కన కుర్చీ వేశాడు. ఆమె బల్ల వెనక్కి వచ్చి కూర్చుంది.

ఇంతలో తడిసిన గొడుగుతో ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది.

"ఎడమ పక్కన, మదామ్," అంది సొలెన్.

"ఏంటమ్మా ఎడమ పక్కన?" ఆవిడ కోటులోంచి అట్ట నలిగిపోయిన మొదటి నవల తీసింది. "ఈ అబ్బాయి సంతకం కోసం వచ్చాను."

ఎర్వాన్ చేతిలోంచి పెన్సిల్ జారింది. సొలెన్ దాన్ని అందుకుని, తన కలం అతని చేతిలో పెట్టింది.